అప్‌డేట్: డబుల్ డెక్కర్ పై అంతస్తు ఇప్పుడు కుంగడం లేదు

లెగోతో కడుతున్న లండన్ రూట్‌మాస్టర్ బస్సు పై అంతస్తు మధ్యలో కుంగుతోందని పోయిన నెల అడిగాను కదా. తప్పు నాదే. ప్లేట్లను (పలుచని లెగో ముక్కలను) ఒకే పొరగా, అతుకులన్నీ ఒకే గీతలో పడేలా పెట్టాను. గోడ కట్టే మేస్త్రీ అలా పెడతాడా? రెండో పొర వేసి, అతుకులు మార్చాక గట్టిపడింది.

కిటికీలూ కుదిరాయి. ప్లేటు మందం 3.2 మి.మీ., ముక్కల మీద ఉండే గుండ్రటి బొడిపెల్లో ఒకదాని మధ్య నుంచి పక్కదాని మధ్యకు దూరం 8 మి.మీ. అంటే ఐదు ప్లేట్లు పేర్చి పక్కకు తిప్పితే సరిగ్గా రెండు బొడిపెల దూరం. ముందే తెలిస్తే రెండు ఆదివారాలు మిగిలేవి! వెడల్పు 14 బొడిపెలు, పొడవు 48 పెట్టాను. అసలు బస్సు 2.44 మీటర్ల వెడల్పు, 8.4 మీటర్ల పొడవు.

చెన్నై టీ నగర్ మామయ్య మాత్రం "లండన్‌ది ఎందుకురా, మన తాంబరం 18ఏ డబుల్ డెక్కర్ కట్టకూడదా?" అన్నారు. మెట్లు ఇంకా కట్టాలి, ఆ మలుపే తిరగడం లేదు.