‘క్యాచర్ ఇన్ ద రై’లో అంత గొప్పేముంది? చదివినవాళ్ళు చెప్పండి

సెకండ్‌షో_బ్యాచ్:

అందరూ చదవాలి చదవాలి అని ఊదరగొడుతుంటే మొత్తానికి అమెరికన్ రచయిత శాలింజర్ నవల ‘క్యాచర్ ఇన్ ద రై’ పూర్తి చేశాను. ఇంగ్లీషు తేలికే, చకచకా నడిచిపోయింది, ఆ విషయంలో పేచీ లేదు. కానీ చివరి పేజీ అయ్యాక ఇంకేమైనా మిగిలి ఉందేమోనని వెనక అట్ట దాకా తిరగేశాను. హోల్డెన్ అని పదహారేళ్ళ కుర్రాడు, బోర్డింగ్ స్కూల్లో నాలుగు సబ్జెక్టులు పోయాయి, ఇంగ్లీషు ఒక్కటే గట్టెక్కింది, స్కూలువాళ్ళు ఇక రావద్దన్నారు. ఆ ఉత్తరం ఇంటికి చేరేలోపు అమ్మానాన్నలకి మొహం చూపించడం ఇష్టం లేక న్యూయార్క్‌లో హోటల్ గది తీసుకుని, బార్ల చుట్టూ తిరిగి, సిగరెట్లు ఊది, కనపడ్డ ప్రతివాణ్ణీ వేషగాడు అని తిట్టుకుంటూ ఓ రెండు మూడు రోజులు గడిపేస్తాడు. అంతే. ఏమీ తేలదు.

పోనీ పాపం కష్టాల్లో ఉన్నాడా అంటే అదీ లేదు. నాన్న లాయరు, ఇల్లు మాన్‌హట్టన్‌లో, నాయనమ్మకి మతిమరుపు వల్ల పుట్టినరోజు డబ్బులు ఏడాదికి నాలుగుసార్లు పంపిస్తుంటుంది! తొంభై డాలర్ల టైప్‌రైటర్‌ని ఇరవైకి అమ్మేసి మరీ బయల్దేరతాడు. నాకు నాలుగు సబ్జెక్టులు పోయుంటే మా ఇంట్లో ఏం జరిగేదో చెప్పక్కర్లేదు, హోటల్ గది కాదు కదా బస్సు చార్జీ కూడా ఉండేది కాదు.

1951లో వచ్చిన పుస్తకం, అప్పట్లో కొత్తగా ఉండి ఉండొచ్చు, ఒప్పుకుంటా. ఇప్పటికీ ‘ఎదిగే వయసు’ నవల అనగానే దీని పేరే ఎందుకు చెప్తారు? వీడు ఎదిగిందెక్కడ? నిషేధాలు, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్య, ఆ గోల వల్ల వచ్చిన పేరా? మా ఫ్రెండ్స్‌లో సగం మంది ప్రాణం అంటారు, సగం మంది విసిరికొట్టారు. మధ్యలో ఎవరూ లేరు.

మిరియాల_చారు:

విసిరికొట్టిన బ్యాచ్‌లో నన్నూ వేసుకోండి. డబ్బున్నవాడు అన్నది నాకు పెద్ద అభ్యంతరం కాదు, డబ్బున్నవాళ్ళకీ బాధలుంటాయి. నా ఒళ్ళు మండేది ఎక్కడంటే, లోకమంతా వేషాలేస్తోందని తీర్పులు చెప్పే ఈ మహానుభావుడు నోరు తెరిస్తే అబద్ధం. రైల్లో తన క్లాస్‌మేట్ తల్లి కనిపిస్తే పేరు అడిగినందుకు హాస్టల్ ఊడ్చే మనిషి పేరు తన పేరుగా చెప్తాడు, మీ అబ్బాయి అంత మంచివాడు లేడని పొగుడుతాడు (నిజానికి వాడంటే అసహ్యం), పైగా తనకి మెదడులో ట్యూమర్, ఆపరేషన్‌కి వెళ్తున్నానంటాడు. సినిమాలంటే పరమ చిరాకు అంటాడు, మళ్ళీ వెళ్ళి సినిమా హాల్లో కూర్చుంటాడు.

వాడి స్నేహితురాలు శాలీ సంగతి చూడండి. ఆ అమ్మాయిని నాటకానికి తీసుకెళ్ళి, తర్వాత స్కేటింగ్‌కి వెళ్ళి, అక్కడ కూర్చుని ఉన్నట్టుండి ‘పద, మసాచుసెట్స్, వెర్మాంట్ వైపు పారిపోదాం, అడవిలో గుడిసెలో ఉందాం, కట్టెలు నేనే కొడతా’ అంటాడు. మనమింకా పిల్లలం, డబ్బులైపోతే తినేదేంటి, కాలేజీ అయ్యాక ఇవన్నీ చూడొచ్చు కదా అంటుంది. అందులో తప్పేముంది? దానికి బదులుగా నోటికొచ్చిన బూతు మాట అని ఏడిపిస్తాడు, ఆ పైన నవ్వుతాడు. ఈ ఘట్టం ఎవరూ ఎత్తరు. ఎప్పుడూ సెంట్రల్ పార్కు చెరువులో బాతులు, బాతులు. చలికాలంలో బాతులు ఎక్కడికి పోతాయని టాక్సీవాడిని అడిగితే గొప్ప తత్వవేత్త అయిపోయాడా?

రాత్రిబండి:

మిరియాల చారు గారూ, వాడు అబద్ధాలకోరు అని మనకి వేరే ఎవరో కనిపెట్టి చెప్పలేదు, తనంత అబద్ధాలకోరు ఇంకోడుండడని వాడే మొదట్లో చెప్పుకుంటాడు. దాంట్లో దాపరికం లేదు.

సెకండ్‌షో బ్రదర్, కథ లేదన్నారు కదా. ఐదో అధ్యాయం మళ్ళీ ఒకసారి చూడండి, మహా అయితే పది నిమిషాల పని. స్ట్రాడ్‌లేటర్ అనే రూమ్మేటు తన బదులు ఇంగ్లీషు వ్యాసం రాసిపెట్టమంటాడు, ఏదైనా గదినో ఇంటినో వర్ణించాలి. హోల్డెన్ గదిని వదిలేసి తన తమ్ముడు ఆలీ బేస్‌బాల్ గ్లవ్ గురించి రాస్తాడు. ఆలీ ఎడమచేతివాటం, ఆ గ్లవ్ నిండా వేళ్ళ మీదా బంతి పట్టే గుంట మీదా ఆకుపచ్చ సిరాతో కవితలు రాసుకున్నాడు, ఫీల్డింగ్‌లో నిలబడి బ్యాటింగ్‌కి ఎవరూ లేనప్పుడు చదువుకోవడానికి. ఆ పిల్లాడు 1946 జూలై 18న లుకేమియాతో చనిపోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ళ హోల్డెన్ గ్యారేజీలో పడుకుని కిటికీ అద్దాలన్నీ ఉత్త పిడికిలితో పగలగొట్టాడు, అందుకే ఇప్పటికీ ఆ చెయ్యి సరిగ్గా ముడుచుకోదు. ఇదంతా పేజీన్నరలో, ఏదో సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా అన్నట్టు చెప్పేసి మళ్ళీ పక్కగది ఆక్లీ మొటిమల గురించి, వాడి గోళ్ళ గురించి మాట్లాడటం మొదలెడతాడు.

నాకు పుస్తకమంతా అదే. వాడు దేని గురించైతే వాగుతున్నాడో అది కాదు విషయం, దేన్ని దాటేసి వెళ్తున్నాడో అది. చివర్లో ఫిఫ్త్ ఎవెన్యూ మీద నడుస్తుంటే ప్రతి సందు దాటేటప్పుడూ తను మాయమైపోతానేమోనని భయమేసి, చనిపోయిన తమ్ముడితో పైకే మాట్లాడతాడు, నన్ను మాయం కానివ్వకురా అని. పదహారేళ్ళవాడు నడిరోడ్డు మీద ఆ స్థితిలో ఉంటే వాడికి తీర్పులు చెప్పే హక్కుందా లేదా అని మనం లెక్కలేస్తున్నాం. వెనకటి స్కూల్లో జేమ్స్ క్యాజిల్ అనే కుర్రాడు తోటివాళ్ళ హింసకి కిటికీలోంచి దూకి చచ్చిపోయినప్పుడు వాడి ఒంటి మీదున్న స్వెటర్ కూడా హోల్డెన్‌దే, అడిగి తీసుకున్నాడు. ఇదీ ఒక్కసారి చెప్పి ఊరుకుంటాడు.

శాలింజర్ రెండో ప్రపంచయుద్ధంలో, 1944 జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన సైనికుల్లో ఒకడు. యుద్ధం అయ్యేసరికి మనసు దెబ్బతిని జర్మనీలో ఆసుపత్రిలో చేరాడు. ఆ మనిషి తిరిగొచ్చి యుద్ధం గురించి లావుపాటి నవల రాయకుండా ఇది రాశాడు. నవల్లో పెద్దన్న డి.బి. కూడా ఆ తీరంలో దిగినవాడే, వాడి ముచ్చటా నాలుగు మాటల్లో తేలుస్తాడు. అన్నదమ్ములిద్దరూ ఒక్క బాపతే.

ఎడిసన్_అత్తయ్య:

నేను న్యూజెర్సీలో ఉంటాను, మా అమ్మాయికి హైస్కూల్లో ఈ పుస్తకం పాఠంగా వచ్చింది, దాంతో పాటు నేనూ చదివాను. వాళ్ళ క్లాసులోనూ ఇదే గొడవట. ఇప్పటి పిల్లల్లో చాలామంది ‘వాడికి థెరపీ కావాలి, నవల కాదు’ అనేశారట! నిజానికి హోల్డెన్ ఈ కథ చెప్తున్నదే కాలిఫోర్నియాలో ఓ విశ్రాంతి కేంద్రంలాంటి చోటు నుంచి, అక్కడ ఓ సైకోఎనలిస్టు వాణ్ణి ప్రశ్నలేస్తూనే ఉంటాడు. కాకపోతే ఆ సాయం దొరికేసరికి ఆలస్యమైపోయింది.

నిషేధాల గురించి అడిగారు. 1960లో ఓక్లహామా రాష్ట్రం టల్సాలో పదకొండో తరగతికి దీన్ని చెప్పినందుకు ఒక టీచర్ని ఉద్యోగంలోంచి తీసేశారు. అప్పీలు చేస్తే ఉద్యోగం తిరిగొచ్చింది, పుస్తకం మాత్రం క్లాసులోకి రాలేదు. బూతులున్నాయనే కారణం. అదే పుస్తకంలో వాడు చెల్లెలి స్కూలు గోడ మీద ఎవరో రాసిన బూతుని చిన్నపిల్లలు చూస్తారని చేత్తో చెరిపేస్తుంటే ఆ పేజీ వాళ్ళకి కనపడలేదేమో.

నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. యాంటొలీని అనే పాత టీచర్ దగ్గరికి అర్ధరాత్రి వెళ్తాడు, మొత్తం పుస్తకంలో వాడి మాట కూర్చుని వినే పెద్దమనిషి ఆయనొక్కడే. సోఫా మీద పక్క వేసి పడుకోబెడతాడు. కాసేపటికి మెలకువ వస్తే ఆ చీకట్లో ఆయన నేల మీద కూర్చుని వీడి తల నిమురుతుంటాడు. హోల్డెన్ ప్యాంటు వేసుకుని పరుగో పరుగు. ఆయన ఉద్దేశం ఏమిటో రచయిత తేల్చడు, తెల్లారాక హోల్డెన్‌కి కూడా అనుమానమే, పొరపాటు పడ్డానేమో అనుకుంటాడు. తల్లిగా నాకు మాత్రం అనుమానం లేదు, ఆ పరుగే కరెక్టు. మా అమ్మాయి ఒప్పుకోలేదు, మేమిద్దరం డిన్నర్ టేబుల్ దగ్గర దీని మీదే పోట్లాడుకున్నాం.

ఎదిగిందెక్కడ అన్నారు. పిల్లలు కొండ అంచు నుంచి పడిపోకుండా పట్టుకోవడమే తన పని అని చెల్లెలితో అంటాడు కదా. చివర్లో పార్కులో ఆ చెల్లెలు ఫీబీ రంగులరాట్నం గుర్రం మీద నుంచి తిరుగుతూ అందుకోవాల్సిన బంగారు రింగు కోసం వంగుతుంటే, పడిపోతుందేమోనని భయం వేసినా నోరు మెదపడు. పిల్లలు అందుకోవాలనుకుంటే అందుకోనివ్వాలి, పడితే పడతారు అనుకుంటాడు. ఎదగడమంటే ఇంతకన్నా చాటింపు వేయాలా?

ఫీబీ గురించి ఒక్కమాట. అన్నయ్య దగ్గర డబ్బుల్లేవని క్రిస్మస్ కోసం దాచుకున్న ఎనిమిది డాలర్ల చిల్లర తెచ్చి చేతిలో పెడుతుంది, వాడు ఏడ్చేస్తాడు. నేనూ.

చెట్టుకింద_ప్లీడరు:

లెనన్ విషయం తేల్చేద్దాం. 1980 డిసెంబర్ 8న కాల్చినవాడి చేతిలో ఈ పుస్తకం ఉంది, నిజం. కానీ అప్పటికే ముప్పై ఏళ్ళుగా లక్షలమంది చదువుతున్నారు, వాళ్ళెవరూ ఎవర్నీ చంపలేదు. పేరు ముందే ఉంది, ఈ సంఘటనతో వచ్చింది కాదు.

హన్మకొండ_పిల్లగాడు:

నవీన్ ‘అంపశయ్య’ చదివినోళ్ళు ఇక్కడ ఎవరూ లేరా? 1969 నవల. ఉస్మానియా హాస్టల్లో రవి అనే కుర్రాడి తలలో ఒకే ఒక్క రోజు నడిచే గోల, పొద్దున నుంచి రాత్రి దాకా. ఇట్లనే సగం మంది నెత్తిన పెట్టుకున్నారు, సగం మంది ఏంటీ సొద అన్నారు. రవి పల్లెటూరి నుంచి వచ్చిన పేదోడు, హోల్డెన్‌కి ఉన్న నాయనమ్మ వాడికి లేదు. అందుకే నేను హోల్డెన్ మీద కోపంతోనే మొదలుపెట్టిన, డబ్బు మదం అనుకుంటూ. కానీ సూట్‌కేసుల దగ్గర ఆగిపోయిన.

ఇంతకుముందు ఇంకో స్కూల్లో వాడి రూమ్మేటు దగ్గర చవక సూట్‌కేసులు ఉండేవి. వాడు సిగ్గుపడి తనవి మంచం కింద పెట్టుకునేవాడు. చూసి బాధేసి హోల్డెన్ తన ఖరీదైన తోలు సూట్‌కేసులు కూడా మంచం కిందికి తోసేస్తాడు. మర్నాడు రూమ్మేటు వాటిని బయటికి తీసి మళ్ళీ పైన పెడతాడు. ఎందుకంటే చూసేవాళ్ళు అవి తనవే అనుకోవాలని! చివరికి ఆ సూట్‌కేసుల వల్లే ఇద్దరూ గదులు మారతారు. హాస్టల్లో ఉన్నోళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. రూమ్మేటు బ్రాండెడ్ షూ పక్కన మన చెప్పులు విడిచేటప్పుడు ఏమనిపిస్తదో రవికీ తెలుసు, నాకూ తెలుసు. అవతలి పక్కనున్నోడికి కూడా తెలుసని ఈ పుస్తకంలోనే చూసిన. డబ్బున్నోడు డబ్బు గురించి ఇంత నిజాయితీగా చెప్పడం అరుదు. అట్లని నవల మొత్తం నచ్చిందా అంటే, మధ్యలో హోటల్ భాగం సాగదీసిండు, గదికి అమ్మాయిని పంపిన లిఫ్ట్‌వాడితో ఐదు డాలర్లు, పది డాలర్ల పంచాయితీ తప్పితే ఆ అధ్యాయాలు నాకు గుర్తే లేవు.

సెకండ్‌షో_బ్యాచ్:

అందరికీ థాంక్స్. ఐదో అధ్యాయం మళ్ళీ చూశా, గ్లవ్ బాగుంది, కాదనను. కానీ రాత్రిబండి అన్నా, ఏది చెప్పకుండా దాటేశాడో అదే గొప్ప అంటే, చెప్పిన రెండొందల చిల్లర పేజీలు నేనెందుకు భరించాలి? సూట్‌కేసుల సంగతి మాత్రం చదివేటప్పుడు గమనించాను, అక్కడ పెన్సిల్ గీత కూడా ఉంది. ‘అంపశయ్య’ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

రాత్రిబండి:

అన్ని పేజీలు వాగాడు కాబట్టే ఆ పేజీన్నర తగులుతుంది బ్రదర్. మొదటి పేజీలోనే మా తమ్ముడు చచ్చిపోయాడు అని ఏడిస్తే మీరే పక్కన పెట్టేవారు. చారు గారూ, శాలీకి అక్కడే క్షమాపణలు చెప్పాడు కదా, అదీ లెక్కలో వేసుకోండి.

మిరియాల_చారు:

చెప్పాడండీ, ఆ అమ్మాయి వద్దంది, అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తప్పతాగి పబ్లిక్ ఫోన్‌లోంచి వాళ్ళింటికి కాల్ చేస్తాడు, ముందు ముసలావిడ ఎత్తుతుంది, నిద్రలో ఉన్న పిల్లని లేపిస్తాడు, క్రిస్మస్ చెట్టు అలంకరించడానికి నేను వస్తా అని మళ్ళీ మళ్ళీ అదే మాట. పగలు అంత మాట పడ్డ పిల్ల ఫోన్ పెట్టేయకుండా సరే రా, ఎక్కడున్నావు, నీతో ఎవరున్నారు, ముందు ఇంటికెళ్ళి పడుకో అంటుంది. వాడి గుంటచెరువు బాతులకి ఇంతమంది అభిమానులున్నారు, శాలీ తరఫున ఇక్కడ నేనొక్కదాన్నే.