చలికాలపు దొడ్డి పనుల్లో కాపలా కుక్క ఆటలు: ఎంతవరకు ఆడనివ్వాలి?

ప్రశ్న (అమెరికాలోని మిన్నెసోటా నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. ఇక్కడ మాకు చిన్న మేకల దొడ్డి ఉన్నది. కయోటీల (తోడేలును పోలిన చిన్న అడవి జంతువుల) బెడద పడలేక గ్రేట్ పిరనీస్ జాతి ఆడ కుక్కపిల్లను తెచ్చి, మొదటినుంచీ మేకల మధ్యనే పెంచుతున్నాము. ఇప్పుడు దానికి పది నెలలు. రాత్రంతా కంచె పొడవునా తిరుగుతూ మొరిగే ఈ కుక్క, ఉదయం నేను పారా బకెట్లూ పట్టుకుని దొడ్డిలో అడుగుపెట్టగానే ఆటకు దిగుతుంది. దాణా డబ్బా మూతను నోట కరచుకుని మంచులోకి పరుగెత్తి, కొంత దూరాన ఆగి, వెంట వస్తున్నానో లేదోనని వెనక్కి తిరిగి చూస్తుంది. తొట్టిలో గడ్డకట్టిన నీటిని పగలగొట్టి ఆ పలకలను బయట పడేస్తే, వాటిలో పెద్దదాన్ని ఎంచుకుని ముక్కుతోనూ ముందుకాళ్ళతోనూ నెట్టుకుంటూ కంచె దాకా తీసుకుపోతుంది. సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన, చేతివేళ్ళు కొంకర్లు పోయే వేళ, మా పిల్లలు పిలవకముందే పనికి బయలుదేరుతున్నారంటే అది దాని చలవే.

అయితే ఈ మధ్య అది ఏడాది నిండని మేకపిల్లలను కూడా ఆటకు పిలుస్తున్నది. ముందుకాళ్ళు నేలకు ఆనించి, తోక పైకెత్తి నిలబడుతుంది. పిల్ల బెదిరి పరుగెత్తితే వెంటపడుతుంది. నిన్న ఒకదాని చెవి తడిసి, అంచున వెంట్రుకలు ఊడి కనిపించింది. ఫిబ్రవరిలో మా మేకలు ఈనబోతున్నాయి. ఇది ఎదుగుదలలో భాగమేనా, లేక ఈ కుక్క కాపలాకు పనికిరాదని సూచనా? ఆటలు పూర్తిగా మాన్పించాలా?

జవాబు (మిస్సోరీ నుంచి, మేకల పెంపకందారు)

పనికిరాదని అప్పుడే నిర్ణయించకండి. ఈ జాతి కుక్కలకు శరీరం ఏడాదికే దాదాపు పెరిగిపోతుంది కాని బుద్ధి నిలకడకు రావడానికి రెండేళ్ళు పడుతుంది. ఆరో నెల నుంచి పద్దెనిమిదో నెల వరకు చెవులు నమలడం, వెంట్రుకలు పీకడం, తరమడం చాలా కుక్కల్లో కనిపించేవే. మసాచుసెట్స్‌లోని హాంప్‌షైర్ కాలేజీలో రేమండ్, లోర్నా కాపింగర్ దంపతులు 1970ల చివరి నుంచి యూరప్, టర్కీ దేశాల కాపలా కుక్కలను తెప్పించి, అమెరికా రైతుల మందల్లో ఉంచి, వాటి నడతను ఏళ్ళ తరబడి గమనించారు. మందను అంటిపెట్టుకుని ఉండడం, మందకు హాని చేయకపోవడం, బయటి జంతువును అడ్డుకోవడం అనే మూడు గుణాలను వారు కాపలా కుక్కకు ముఖ్యమని చెప్పారు. మీ కుక్కకు మొదటిదీ మూడోదీ అబ్బినట్లే ఉన్నది. రెండోది అబ్బించవలసింది మీరు.

అది వేటాడడం లేదు, ఆడుతున్నది. ఈ సంగతి మనకు ఊరట కావచ్చు కాని మేకకు కాదు. నలభై కిలోలు దాటే కుక్క సరదాగా తరిమినా మేక ప్రాణభయంతోనే పరుగెత్తుతుంది. నున్నటి మంచుగడ్డ మీద కాలు జారితే ఎముక విరుగుతుంది. చూడి మేక కిందపడితే కడుపులో పిల్లకే ప్రమాదం. పైగా పరుగెత్తిన ప్రతిసారీ కుక్కకు ఆ ఆట మరింత రుచి మరుగుతుంది. అందువల్ల మేకలతో ఆట అన్నది ఒక్కసారి కూడా సాగనివ్వకూడదు. మనుషులతో ఆటను మాత్రం మాన్పించవద్దని నా గట్టి అభిప్రాయం. చలికాలంలో మేకలు కొట్టం వదలవు, మేతకు తిప్పే పని ఉండదు. పగలంతా ఏమీ తోచక కూర్చున్న కుర్రకుక్క ఎదురుగా కనిపించిన మేకపిల్లతోనే కాలక్షేపం చేస్తుంది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఉదయం దొడ్డి తలుపు తీసి ముందుగా కుక్కను బయటకు తెచ్చి, కంచె చుట్టూ ఒక పూర్తి చుట్టు నడిపిస్తాను. మూత పట్టుకుని పరుగెత్తడం, మంచులో దొర్లడం అన్నీ అక్కడే కానిస్తాను. ఊపు తగ్గాక పట్టెడకు పొడవైన తాడు కట్టి లోపలికి తీసుకువెళ్ళి, గడ్డి వేసి నీళ్ళు పోసినంతసేపూ తాడు నేలమీద ఈడ్చుకుంటూ తిరగనిస్తాను. అది మేకపిల్ల వైపు ముందుకాళ్ళు వంచిన క్షణానే తాడు మీద కాలు వేసి, ఒకే మాటతో గట్టిగా వారించాలి. తరిమి వచ్చిన తరువాత కోప్పడితే అది ఎందుకో దానికి అర్థం కాదు. మేకల మధ్య నెమ్మదిగా పడుకున్నప్పుడు వెళ్ళి మెడ నిమరడం అంతకంటే ముఖ్యం. మీరు లేని వేళల్లో దాన్ని ఆ మేకపిల్లలతో ఉంచకండి. కొమ్ములున్న పెద్ద మేకలతోనో పోతుతోనో ఉంచండి. అవి కుక్క వెంటపడితే పారిపోవు, తిరిగి కుమ్ముతాయి.

మంచు పలకను నెట్టుకుంటే నెట్టుకోనివ్వండి. దొడ్డి లోపల బంతి విసిరి తెమ్మనడం మాత్రం వద్దు. కదిలేదాని వెంట పరుగెత్తమని మనమే నేర్పినట్లవుతుంది.

జవాబు (నారాయణపేట నుంచి)

మాది గొర్రెల పెంపకం కుటుంబం. ఇక్కడ మీ మంచు లేదు, ఆ జాతి కుక్కలూ లేవు, కాని పంట కోసిన చేలలో మంద కట్టిన రాత్రుల్లో తోడేళ్ళ భయం మాకూ ఉన్నది. లేత కుక్కను ఒంటరిగా మందకు అప్పగించము. ముదురు కుక్కకు జతగా తిప్పుతాము. అది ఎగిరెగిరి పడితే పెద్దదే గుర్రుమని అణచివేస్తుంది, ఆడుకోవాలనిపించినా దానితోనే ఆడుకుంటుంది. మీకు వీలైతే వయసు వచ్చిన, మేకలకు అలవాటైన మరో కుక్కను తెచ్చుకోండి. కయోటీలు గుంపుగా వచ్చే చోట ఒక్క కుక్క మీద అంత భారం పెట్టడం కూడా మంచిది కాదు.

ప్రశ్న అడిగినవారు

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇక్కడి పొరుగు రైతు ఒకరు మెడకు కర్ర వేలాడదీయమన్నారు. పరుగెత్తితే అది మోకాళ్ళకు తగిలి వేగం తగ్గుతుందట. అలా చేయవచ్చా? ఈనే సమయంలో కుక్కను ఎక్కడ ఉంచాలి?

జవాబు (పశువైద్యుడు, కెనడాలోని ఒంటారియో నుంచి)

మన పల్లెల్లో పొలాల మీద పడే ఆవుకు గుదికర్ర కట్టినట్టే ఇదీను. మీరు దగ్గర ఉన్నప్పుడు కొద్దిసేపు వాడవచ్చు. రాత్రి మాత్రం తప్పక తీసివేయాలి. కంచెలో చిక్కుకుంటే మెడకు ఉరి పడుతుంది, కయోటీలు వస్తే పోరాడలేదు.

ఈనే మేకలను విడిగా చిన్న గదుల్లో కట్టి, కుక్కను కంచెకు అవతల, అన్నీ కనిపించేటట్టు, వాసన తెలిసేటట్టు ఉంచండి. కుక్కలు మావిని తినడం, పిల్లల మీది తడిని నాకడం సహజమే, కాని ఈ వయసు కుక్క అంతటితో ఆగక పిల్లను నోటితో అటూ ఇటూ లాగవచ్చు. గడ్డకట్టే చలిలో తల్లి నాకి ఆరబెట్టవలసిన పిల్ల తల్లికి దూరమైతే కొద్దిసేపటికే ఒళ్ళు చల్లబడి చనిపోతుంది. మొదటిసారి ఈనిన మేక, కుక్క దగ్గర ఉంటే బిడ్డను వదిలేసి కుక్కనే కుమ్ముతూ ఉండిపోతుంది కూడా. వచ్చే ఏడాది, మీరు పక్కన ఉండి, ఒక్కొక్క మేక దగ్గరకే రానివ్వండి.

చలికి సంబంధించి కొన్ని మాటలు. ఈ జాతికి రెండు పొరల బొచ్చు ఉంటుంది, కాబట్టి మంచులోనే పడుకున్నదని కంగారు పడనవసరం లేదు. గాలి తగలని చోటు, కింద పొడి గడ్డి ఉంటే చాలు. దుప్పట్లు తేమ పీల్చి గడ్డకడతాయి, వేయవద్దు. మంచులో ఆడి వచ్చాక కాలివేళ్ళ సందుల్లో గట్టిపడిన ఉండలు తీసి, అక్కడి వెంట్రుకలను కొద్దిగా కత్తిరించండి. వెనుక కాళ్ళకు ఈ జాతిలో రెండేసి అదనపు వేళ్ళు ఉంటాయి. వాటి గోళ్ళు నేలకు తగలవు గనుక అరగక వంపు తిరిగి చర్మంలోకి దిగుతాయి, వాటినీ చూస్తూ ఉండండి.

కుక్క తిండిని మేకలు రాలేని చోట పెట్టండి. ఆటలో ఒక్క మేకను కూడా గాయపరచని కుక్క తన గిన్నె దగ్గరకు వచ్చిన మేకను కరవవచ్చు. అలాగే మూతతో ఆట అన్నారు కాబట్టి చెబుతున్నాను: మీ దాణా సంచి మీద మోనెన్సిన్ అనే మందు పేరు ఉన్నదేమో చూడండి. మేకలకు ఇచ్చే మోతాదుతో కలిపిన దాణా కుక్క తింటే కండరాలు చచ్చుబడిపోవచ్చు. ఆడుకోవడానికి పాత మూత ఒకటి విడిగా ఇచ్చి, దాణా డబ్బాకు గొళ్ళెం పెట్టించండి.