డిప్రెషన్ మాత్ర మొదలయ్యాక పిల్లాడు 'హుషారయ్యాడు': కోలుకున్నట్టా, బైపోలారా?

కాలేజీ కౌన్సెలర్:
రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో 16, 17 ఏళ్ల పిల్లల గురించి అడుగుతున్నాను. పరీక్షల బెంగకీ డిప్రెషన్‌కీ తేడా పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ని అంచనా వేసే తొమ్మిది ప్రశ్నల పత్రం)తో కొంతవరకు తెలుస్తోంది. చిక్కంతా వైద్యం మొదలయ్యాకే. డిప్రెషన్ మందు ఫ్లూఆక్సెటిన్ 20 మిల్లీగ్రాములు వాడుతున్న రెండు మూడు వారాలకు కొందరు రాత్రి మూడింటిదాకా మేలుకుని గలగలా మాట్లాడుతుంటారు. ఇంట్లోవాళ్లేమో మందు పనిచేసిందని సంబరపడతారు. అది కోలుకోవడమా, మందు తెచ్చిన అలజడా, బైపోలార్ (కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు అతి హుషారు విడతలుగా వచ్చే జబ్బు) బయటపడడమా? వార్డెన్ ఏం గమనించాలి?

పిల్లల సైకియాట్రిస్ట్:
ముందు ఒకటి తేల్చుకోండి. నిద్ర పట్టట్లేదా, నిద్ర అక్కర్లేకుండా పోయిందా? పట్టనివాడు పొద్దున క్లాసులో తూలుతుంటాడు. అక్కర్లేనివాడు మూడు గంటలే పడుకుని, ఐదింటికల్లా స్నానం చేసి, పక్కవాళ్లను లేపి మరీ కొత్త ప్లాన్లు చెబుతాడు. రెండోది బైపోలార్‌కి గట్టి సూచన.

మందు అలజడి సాధారణంగా మొదటి వారాల్లోనో, డోసు పెంచిన వెంటనేనో వస్తుంది. ఒకచోట కూర్చోలేడు, చిరాకు పడతాడు, ఆ స్థితి అతనికే ఇబ్బందిగా ఉంటుంది. డోసు తగ్గిస్తే తగ్గుతుంది. ఉన్మాదం (మేనియా)లో చాలాసార్లు ఇబ్బందే అనిపించదు. నిద్ర తగ్గడంతోపాటు గొప్పలు, ఆగని మాట, ఇష్టమొచ్చినట్టు ఖర్చు కలిసి వస్తాయి. ఇవి వరసగా 4 రోజులుంటే హైపోమేనియా (తేలికపాటి ఉన్మాదం), వారం ఉంటే లేదా ఆస్పత్రిలో చేర్చాల్సి వస్తే మేనియా అంటాం. కానీ నాలుగో రోజుదాకా చూస్తూ కూర్చోవద్దు, అనుమానం వచ్చిన రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి. మందు ఆపినా ఫ్లూఆక్సెటిన్ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. "ఆపినా తగ్గలేదు" అన్న కంగారుకి సగం కారణం అదే.

నిజంగా కోలుకునేవాడు ఇలా ఉండడు. ముందు ఆకలి, నిద్ర సర్దుకుంటాయి, మనసు తేలికపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పది రోజుల్లో అమాంతం మారిపోతే నేనైతే అనుమానిస్తాను.

క్లినికల్ సైకాలజిస్ట్:
పీహెచ్‌క్యూ-9 గత రెండు వారాల కుంగుబాటునే అడుగుతుంది, అంతకుముందు ఎప్పుడైనా మనసు ఎగసిందా అని అడగదు. బైపోలార్ చాలామందిలో మొదట డిప్రెషన్‌గానే కనిపిస్తుంది కాబట్టి, మాత్ర రాయకముందే తల్లిదండ్రుల్ని విడిగా కూర్చోబెట్టి అడగాలి: "ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర లేకపోయినా అలసిపోకుండా, వాడు వాడిలా కాకుండా ఉన్నాడా? మీ రెండు వైపులా ఎవరికైనా ఇలాంటి జబ్బుందా, లిథియం (బైపోలార్‌కి ఇచ్చే మందు) వాడారా?" రెండో ప్రశ్నకు మొదటిసారి "లేదండీ" అనే వస్తుంది. పెళ్లి సంబంధాల భయం. "మేనమామకో పెదనాన్నకో 'నరాల జబ్బు' అని మందులిచ్చారా" అంటే అప్పుడు చెబుతారు.

మరో పొరపాటు, కోపం ఎక్కువున్న ప్రతి పిల్లాడికీ బైపోలార్ ముద్ర వేయడం. టీనేజీ డిప్రెషన్‌లో దిగులు బదులు చిరాకే పైకి కనిపించవచ్చు. పూటకోసారి మూడ్ మారడం బైపోలార్ కాదు, అది రోజుల తరబడి సాగే విడతలుగా వస్తుంది.

పీహెచ్‌క్యూ-9లో చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఇంకేం వచ్చినా, మొత్తం స్కోరు ఎంతైనా, ఆ రోజే మాట్లాడాలి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. 25 ఏళ్లలోపు వాళ్లలో డిప్రెషన్ మందు మొదలైన తొలి వారాల్లో ఇలాంటి ఆలోచనలు పెరగొచ్చన్న హెచ్చరిక ఉంది, కాబట్టి మొదటి నెల వారానికోసారి చూడాలి. మాత్రలు పిల్లాడి పెట్టెలో కాకుండా వార్డెన్ దగ్గరుండాలి, సెలవులకు ఇంటికెళ్తే మాత్రలూ పురుగుమందులూ తాళంలో ఉండాలి. రాత్రిపూట అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా దగ్గరి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

ఫార్మసిస్ట్:
బైపోలార్ అని తేలి లిథియం రాస్తే హాస్టల్ మెస్ కూడా తెలుసుకోవాల్సింది ఒకటుంది. పథ్యం పేరుతో ఉప్పు తగ్గించకూడదు. ఉప్పు తగ్గినా, ఎండకు ఒళ్లు ఎండినా, విరేచనాలైనా రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్లునొప్పులకు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసినా అంతే. పారాసిటమాల్ ఇవ్వొచ్చు. రక్తపరీక్ష ఆఖరి డోసు వేసిన 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేయకముందు చేయించాలి. మాత్ర మింగి వెళ్తే అంకె ఉత్తుత్తినే ఎక్కువ చూపిస్తుంది. రక్తంలో లిథియం లెవెల్ మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ మధ్య ఉండాలి. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే తర్వాతి డోసు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలు ఆరు నెలలకోసారి.

కాలేజీ కౌన్సెలర్:
ఉప్పు సంగతి మెస్‌కి ఈరోజే చెబుతాను. బైపోలార్‌కి వాడే మరో మందు వాల్‌ప్రోయేట్ ఆడపిల్లలకు వద్దంటారే?

పిల్లల సైకియాట్రిస్ట్:
అవునండి. గర్భం వస్తే బిడ్డకు అవకరాల ముప్పు ఎక్కువ, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పడం) సమస్య వేరే. వేరే దారి ఉన్నంతవరకు రాయం. బైపోలార్‌కే వాడే లామోట్రిజిన్ రాసినచోట మాత్రం సంక్రాంతి సెలవుల తర్వాత తప్పకుండా అడగండి. ఐదారు రోజులు మాత్రలు మానేసి వచ్చి పాత డోసు ఒక్కసారిగా వేసుకుంటే ప్రమాదకరమైన దద్దుర్లు రావొచ్చు. డాక్టర్‌ని అడిగి, మళ్లీ మొదటి చిన్న డోసు నుంచే ఎక్కాలి.