ఆటోక్లీన్ చిమ్నీకి ఏటా విప్పదీసే సర్వీస్ దండగా, అవసరమా?

రెండో_అంతస్తు:
అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఎప్పుడూ నలిగే ప్రశ్నే. వారంటీ అయిపోగానే కంపెనీ ఏఎంసీ (డబ్బు కట్టి చేసుకునే ఏడాది సర్వీస్ ఒప్పందం) అంటుంది, బయటి మెకానిక్ ‘మొత్తం విప్పి కడగాలి’ అంటాడు. నా వాదన ఇదీ: ఆటోక్లీన్ మీట నొక్కితే హీటర్ వేడెక్కుతుంది, జిడ్డు కరిగి ఆయిల్ కప్పులోకి దిగుతుంది. నెలకోసారి మీట నొక్కి, ఫిల్టర్లు ఇంట్లోనే కడుక్కుంటే చాలు. మెకానిక్ అక్కర్లేదు. కాదనేవాళ్ళు కారణం చెప్పి కాదనండి. ‘మా పక్కింట్లో మోటార్ కాలిపోయింది’ లాంటివి వద్దు.

పోపుగింజలు:
మీతో ఏకీభవిస్తాను. ఏఎంసీ కింద వచ్చినవాళ్ళు చాలావరకు చేసేది ఫిల్టర్ కడిగి, పైన తుడిచి, సంతకం పెట్టించుకోవడమే. ఆ కడిగేదేదో మనమే కడుక్కోవచ్చు.

స్టీలు బాఫిల్ ఫిల్టర్ (మడతల రేకులది) అయితే పట్టేంత టబ్బులో చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళు పొయ్యండి. 5 లీటర్లకి నాలుగు పెద్ద చెంచాల వాషింగ్ సోడా, రెండు చెంచాల గిన్నెల లిక్విడ్ వేసి అరగంట నానబెట్టండి. ఆ తర్వాత పాత టూత్‌బ్రష్‌తో మడతల లోపల రుద్దితే చాలు. తినే సోడాకి ఇంత జిడ్డుని విరగ్గొట్టే శక్తి లేదు. నిలువుగా ఆనించి, పూర్తిగా ఆరాకే బిగించండి. రోజూ వేపుళ్ళుంటే మూడు వారాలకోసారి, లేకపోతే నెలన్నరకి.

అల్యూమినియం జాలీ ఫిల్టర్‌కి మాత్రం సోడా జోలికి పోవద్దు, నల్లబడి తినేస్తుంది. ఉత్త లిక్విడ్, వేడినీళ్ళే. ఇక కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగించి హైడ్రోజన్ వదులుతుంది, మంటకి అంటుకునే వాయువు. కొంతమంది మెకానిక్‌లు తెచ్చే పేరులేని సీసాలో ఉండేది అదే. అడిగి తెలుసుకోండి.

బేరింగ్_62:
ఫిల్టర్ గురించి చెప్పినదంతా సరే. మీట గురించే పేచీ.

హీటర్ కరిగించేది ఇంకా నూనెగా ఉన్న నూనెని. పల్చటి పొరగా అంటుకుని, గాలి తగులుతూ, రోజూ వేడెక్కే నూనె కొన్నాళ్ళకి నూనెగా మిగలదు. అణువులు ఒకదానికొకటి అతుక్కుని వార్నిష్‌లా గట్టిపడుతుంది. పొద్దుతిరుగుడు నూనె ఈ విషయంలో వేరుశనగ నూనె కన్నా తొందరపడుతుంది, కొబ్బరి నూనె దాదాపు గట్టిపడదు. గట్టిపడ్డ పొరని ఎంత వేడి చేసినా కారదు, గోరుతో గీకినా రాదు. మీట పనిచేయాలంటే మొదటి రోజు నుంచీ పదిహేను రోజులకోసారి నొక్కుతూ రావాలి. రెండేళ్ళు వదిలేసి నొక్కితే కప్పులో నాలుగు చుక్కలు పడతాయి, అంతే. పైగా హీటర్ బ్లోయర్ (పొగని లాగే చక్రం) పక్కన ఉంటుంది, దాన్ని దాటి పైకి వెళ్ళిన జిడ్డుని ముట్టదు.

బ్లోయర్ రెక్కలకి జిడ్డు సమంగా పట్టదు. ఒకపక్క బరువెక్కితే చక్రం ఊగుతుంది, ఆ ఊగుడు బేరింగ్‌ని తింటుంది. శబ్దం ‘హుం’ నుంచి ‘గర్ర్’కి మారిందంటే ఆ దశ వచ్చేసిందన్నమాట.

విప్పడం బ్రహ్మవిద్యేమీ కాదు. ప్లగ్గు పీకండి, స్విచ్ ఆపడం ఒక్కటే చాలదు. వైర్లు ఏ రంగు ఎక్కడుందో ఫోటో తీసుకోండి. కెపాసిటర్ (మోటార్ తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా) రెండు కాళ్ళూ ముట్టకండి, ఛార్జి నిలిచి ఉండొచ్చు. బ్లోయర్ చక్రం మధ్య నట్టు చాలా మోడళ్ళలో ఎదురు మర ఉన్నది, సవ్యదిశలో తిప్పితే వదులవుతుంది. తెలియక బలంగా ఎడమకి తిప్పినవాళ్ళు షాఫ్టు మరలే పోగొడతారు. చక్రాన్ని మాత్రమే నానబెట్టండి, మోటార్‌కి నీళ్ళు తగలకూడదు. ప్లాస్టిక్ చక్రమైతే మరిగే నీళ్ళు వద్దు, వంకరపోతుంది. రెక్కల మీద క్లిప్పులాంటి చిన్న బరువులు కనిపిస్తే పీకకండి, అవి బ్యాలెన్స్ కోసం పెట్టినవి.

పోపుగింజలు:
బేరింగ్ గారూ, ఇదంతా పొగ లాగడం తగ్గినప్పుడు కదా? ఫిల్టర్ కింద కాగితం పెడితే అంటుకుని నిలబడితే బాగున్నట్టే. ఏటా విప్పాల్సిన పనేముంది?

గొట్టం_వాలు:
ఆ కాగితం పరీక్ష మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు. రెండు గ్రాముల కాగితం నిలబడటానికి ఎంత గాలి కావాలి? సగం మూసుకుపోయిన చిమ్నీ కూడా దాన్ని పట్టుకుంటుంది. అగరొత్తి వెలిగించి ముందు బర్నర్ మీద, పక్క అంచుల దగ్గర పెట్టి చూడండి. పొగ నేరుగా పైకి వంగాలి. గదిలోకి చీలితే లాగడం చాలట్లేదని అర్థం.

ఇప్పటిదాకా ముగ్గురూ యంత్రం గురించే మాట్లాడారు. అసలు రోగం పొగని బయటికి తీసుకెళ్ళే గొట్టంలో ఉంటుంది, దాన్ని ఏ మీటా శుభ్రం చేయదు, ఏఎంసీలో చాలావరకు రాసి ఉండదు కూడా. డబ్బా మీద గంటకి 1200 ఘనపు మీటర్లు అని ఉంటుంది. అది చాలావరకు గొట్టం బిగించకుండా వదిలినప్పటి లెక్క. 10×10 అడుగుల వంటగది, పది అడుగుల ఎత్తు అనుకుంటే గాలి సుమారు 28 ఘనపు మీటర్లు. గంటకి పదిహేనుసార్లు మారాలన్నా 425 చాలు. అంటే యంత్రంలో దమ్ము కావలసినదానికన్నా ఎక్కువే ఉంది, పోగొడుతున్నది గొట్టమే.

చిమ్నీ మూతి 6 అంగుళాలుంటే గోడ కన్నం 4 అంగుళాలుందని రెడ్యూసర్ (పెద్ద మూతిని సన్న పైపుకి కలిపే ముక్క) వేస్తారు. వైశాల్యం 44 శాతానికి పడిపోతుంది. అదే గాలిని తోయాలంటే ఆ సన్న పైపులో ఒత్తిడి నష్టం ఏడు రెట్లు దాటుతుంది. కన్నం పెద్దది చేయించడానికి బద్ధకించి మోటార్‌ని తిట్టడం మనకి అలవాటైపోయింది.

మడతల అల్యూమినియం గొట్టాన్ని పూర్తిగా సాగదీసి బిగించాలి. మిగిలిన పొడవు ఫాల్స్ సీలింగ్‌లో ముద్దగా వదిలేస్తే ప్రతి మడతా జిడ్డు గిన్నే. దాన్ని కడగడం కుదరదు, చిరుగుతుంది. రెండు మూడేళ్ళకోసారి మార్చేయడమే. నున్నటి జీఐ (జింకు పూత ఇనుప రేకు) గొట్టమైతే ఇంకా మంచిది. పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుంది, జిడ్డు అంటుకుంటే పైపు కూడా మంటకి తోడవుతుంది, వద్దు. అడ్డంగా వెళ్ళే భాగం బయటివైపు కొద్దిగా వాలాలి. లోపలికి వాలితే ఆవిరి నీరై నూనెతో కలిసి మోటార్ మీదకి కారుతుంది. ఆయిల్ కప్పులో నూనె బదులు గోధుమరంగు నీళ్ళు కనిపిస్తే ముందు ఈ వాలు చూడండి.

బయటి మూతి సంగతి. ఫ్లాప్ (అక్కడ ఊగే మూత రేకు) రెండు పనులు చేయాలి: నడిచేటప్పుడు పూర్తిగా తెరుచుకోవాలి, ఆపగానే మూసుకోవాలి. జిడ్డు పట్టి సగంలో ఆగితే లాగడం పోతుంది, వెనక్కి గాలి వస్తుంది. దోమతెర కట్టకండి, నూనె దుమ్ముతో నాలుగు నెలల్లో గోడలా మూసుకుపోతుంది. పావురాలకి అర అంగుళం కళ్ళున్న తీగ జాలీ చాలు.

తొమ్మిది_అంగుళాలు:
ఇంత తతంగం దేనికి? బయటి గోడ ఉన్న వంటింట్లో 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకుంటే గొట్టం లేదు, నట్టు లేదు, ఏఎంసీ లేదు. నెలకోసారి రెక్కలు తుడుచుకుంటే సరి. కరెంటు కూడా తక్కువ.

గొట్టం_వాలు:
గోడకి నేరుగా బిగిస్తే ఒప్పుకుంటాను. దానికి రెండడుగుల పైపు తగిలించి బిల్డింగ్ గాలి షాఫ్ట్‌లోకి తిప్పారో, పని అయిపోయినట్టే. విమానం ముందుండే పంకాలాంటి ఫ్యాన్‌కి ఒత్తిడికి ఎదురు తోసే బలం ఉండదు. ఇంకొకటి, ఫ్యాన్ పొగని పొయ్యి మీద పట్టదు, గదంతా పరుచుకున్నాక తోడుతుంది. ఎండుమిర్చి వేయించిన రోజు హాల్లో దగ్గులు మొదలయ్యేది అందుకే.

బేరింగ్_62:
చిమ్నీకైనా ఫ్యాన్‌కైనా బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి. కిటికీలన్నీ మూసి మోటార్‌ని నిందించొద్దు. పొయ్యికి దూరంగా ఉన్న కిటికీ తెరవండి. పక్కనే ఉన్నది తెరిస్తే ఆ గాలే పొగని పక్కకి తోస్తుంది.

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి: యుటిలిటీలోనో బాత్‌రూమ్‌లోనో గ్యాస్ గీజర్ ఉండి, తలుపులన్నీ మూసి చిమ్నీ గట్టిగా నడిపితే, గీజర్ పొగ బయటికి పోవాల్సింది ఇంట్లోకి తిరిగి వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు. రెండూ ఒకేసారి నడపకండి.

రెండో_అంతస్తు:
నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను, గొట్టం సంగతి నా లెక్కలో లేదు. కానీ ఏఎంసీ కట్టాలా వద్దా? గొట్టం లేని, బొగ్గు ఫిల్టర్ మోడల్‌కీ ఇదేనా?

పోపుగింజలు:
బొగ్గు ఫిల్టర్ కడిగితే పాడవుతుంది. మూడు నుంచి ఆరు నెలలకి మార్చడమే. అది వాసన, కొంత జిడ్డు పట్టేస్తుంది, తేమని ఆపదు, గ్యాస్ పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్‌ని పూర్తిగా ఆపదు. కిటికీ తెరవక తప్పదు. ఏఎంసీ మీద నా మాట మారలేదు, ఆ డబ్బుతో కొత్త గొట్టం వేయించుకోండి.

బేరింగ్_62:
ఏఎంసీ వద్దు, ఏటా ఒకసారి విప్పడం మాత్రం తప్పదు. సంక్రాంతికి అరిసెలూ జంతికలూ వండిన వారంలో విప్పితే జిడ్డు ఇంకా మెత్తగానే ఉంటుంది, సగం శ్రమ తగ్గుతుంది. మోటార్ మూలుగుతూ తిరగకపోతే, చేత్తో తోస్తే తిరిగితే, ముందు కెపాసిటర్ మార్చండి. దాని మీద అచ్చేసిన మైక్రోఫారడ్, వోల్టు అంకెలే ఉన్నది కొనండి. వందల్లో పోయేదానికి వేలు పోసి మోటార్ మార్పించకండి.

గొట్టం_వాలు:
విప్పే రోజు గొట్టం చివర్లోకి టార్చి కొట్టి చూడండి. దాని లోపలి గోడకి పట్టిన జిడ్డు రెండు మిల్లీమీటర్లు దాటితే ఆ గొట్టం మళ్ళీ బిగించొద్దు.