సమస్య: తల్లి కడుపులో నుండుటే తప్పు సుమ్ము

నిర్వాహకుడు, నల్లగొండ:
మనుషుల జోలికి పోవద్దు. పక్షులకే అన్వయించాలె.

దేవరకొండ:
బరువు పెరిగిన నెగురుట భారమగును
దినము కొక్కటి గూటిలో దించవలయు
గగన విహరణ మొనరించు ఖగములకును
తల్లి కడుపులో నుండుటే తప్పు సుమ్ము

పాలమూరు:
యతులు కుదిరినయ్. 'దినముకు' మాత్రం మింగుడుపడలే. 'దినము నొక్కటి' అంటే గణమూ చెడదు. రోజుకొకటి అన్నది నికార్సయిన మాటే: గుడ్డు తయారుగ సుమారు 25 గంటలు, అందుల పెంకుకే 20. కానీ బరువే కారణమైతే గబ్బిలం సంగతేంది? పిల్లను కడుపుల మోసుకుంటనే ఎగురుతది. ఈము ఎగరనే ఎగరదు, మరి అదెందుకు గుడ్డు పెడ్తది? ఇగో నాది:

పెట్ట పొట్టకు దిగువనే పెరుగు పిల్ల
పెంకు రంధ్రాల నూపిరి పీల్చుకొనును
కన్న కడుపున వేడిమి కాల్చునయ్య
తల్లి కడుపులో నుండుటే తప్పు సుమ్ము

మిర్యాలగూడ పశువైద్యం:
'పొట్టకు దిగువనే', శభాష్! కడుపులో కాదు, కడుపు కింద. ఆ విరుపుకే మార్కులన్నీ. మాడింది మూడో పాదమే. పెట్ట ఒంటి వేడి 41 డిగ్రీలు, పొదుగుకు 37.5 చాలు, నిజమే. అయితే గుడ్డు బయటపడేసరికే పిండం ఆ 41లో ఒక రోజు పెరిగి ఉంటది. అప్పుడు కాలలేదు గదా? అసలు చిక్కు గాలిది. పెంకుకు సుమారు 10,000 రంధ్రాలు. లోపలి తడిలో వాటికి గాలి అందదు, పిండం పెద్దదైతే ఊపిరాడక చస్తది. రక్తపింజర పిల్లల్నే పెడ్తదంటే దానికి గట్టి పెంకు అడ్డం లేదు. 'కన్న కడుపున గాలికి కరువు గాదె' అనుండ్రి, సరిపోతది.

దేవరకొండ:
నా 'దించవలయు'ను ఎవ్వరూ పట్టించుకోలే! దించినంక, సుమారు 20 డిగ్రీలకు తక్కువుంటే, పిండం ఆగుతది. అందుకే 10, 12 గుడ్లయినంక పెట్ట కూసున్నా అన్నీ 21వ రోజుకు దాదాపు ఒక్కసారే పగులుతయ్. మన ఎండకాలం గుడ్లను ఇంట్ల వారం పెడ్తే, పెట్ట కూసోకముందే కొంచెం పెరిగి, చచ్చి మురుగుతయ్. కుండల తడి ఇసుక మీద, మొన కిందికి పెట్టాలె. ఇగ పాలమూరన్నా, పోయిన నెల 'పోతు పాలిచ్చె' అన్న సమస్యకు పావురాన్ని తెచ్చినవ్, బాగుంది. ఆ పాలు మెడకింది సంచిల ఊరుతయ్. పద్యంల 'పొదుగు' అని ఎట్ల రాసినవ్?

పాలమూరు:
పోతు పావురం పగటిపూట గుడ్ల మీద కూసుంటది గదా తమ్మీ. పొదుగు ఉన్నట్టా, లేనట్టా? శ్లేష అంటరు దాన్ని.