అప్‌డేట్: సంకర ఫించ్ పక్షులకు పిల్లలెలా పుడతాయో అర్థమైంది

పోయిన నెల నేనడిగిన ప్రశ్న ఇది: గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు పుట్టవు కదా, మరి పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల ఫించ్‌లలో రెండు జాతులు కలిసి పుట్టినవాటికి ఎలా పుడుతున్నాయి? జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్. కూర్చుని చదివాక తెలిసింది, నేను మొదట్లోనే పొరబడ్డాను, సంకరాలన్నీ కంచరగాడిదలాంటివే అనుకున్నాను.

ఆ జాతులు విడిపోయి ఎక్కువ కాలం కాలేదు, జన్యువులు ఇంకా కలుస్తాయి. వాటిని ముఖ్యంగా వేరుచేసేది పాట, ముక్కు; జతను ఎంచుకునేది వాటిని బట్టే. మగపిల్ల తండ్రి పాటే నేర్చుకుంటుంది.

నన్ను బాగా కదిలించింది మాత్రం గాలపాగోస్‌లోని డాఫ్నీ మేజర్ అనే చిన్న దీవి సంగతి. జీవశాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడ పక్షుల కాళ్లకు రింగులు వేస్తూ, ముక్కులు కొలుస్తూ, తర్వాత డీఎన్ఏ కోసం రక్తపు చుక్కలు కూడా తీస్తూ వచ్చారు. 1981లో ఎక్కడినుంచో ఓ పెద్ద మగపక్షి వచ్చి అక్కడి ఆడపక్షితో జతకట్టింది. పాట వేరు, ముక్కు వేరు కావడంతో దాని వంశంలోని పక్షులు తర్వాతి తరాల్లో తమలో తామే జతకట్టుకున్నాయి, 2003-05 కరువుకి ఒక అన్నాచెల్లెళ్ల జంట మాత్రమే మిగిలినా ఆ వంశం నిలబడింది! ఆ మగపక్షి పక్కనున్న శాంటా క్రూజ్ దీవి నుంచి వచ్చిందని మొదట అనుకున్నారు. 2017లో వెలువడిన జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) పరిశోధనలో 100 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎస్పానోలా దీవిదని తేలింది.

రింగు లేకపోతే ఆ రక్తం ఏ పక్షిదో, ఎవరి పిల్లో తెలిసేది కాదు. ఇలాంటి పరిశోధనకు ఫీల్డ్‌వర్క్ అక్కర్లేదు, ల్యాబ్ ఒక్కటే చాలని పోయిన నెల గట్టిగా వాదించాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఫీల్డ్‌వర్క్ ఉన్నదే కావాలని మా గైడ్‌గారిని అడిగేశాను.