అప్‌డేట్: ఉద్యోగం మానలేదు, వయొలిన్ ఆపలేదు

ఉద్యోగం మానేస్తేనే వయొలిన్ సరిగ్గా నేర్చుకోగలనా అని ఇంతకుముందు అడిగాను. మానలేదు. ఆఫీసు మెయిల్ తెరవకముందే సాధన చేయమన్న సలహా బాగా పనిచేసింది. సాయంత్రానికి చెవి కూడా అలసిపోతుంది మరి.

ఫోనులో శ్రుతి మారకుండా పాట వేగాన్ని సగానికి తగ్గించే సదుపాయం నాకు పెద్ద వరం. వేగంలో జారిపోయే గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే వంపులు, విడివిడిగా వినిపిస్తున్నాయి. 1815లో మెల్జెల్ అనే ఆయన పేటెంట్ పొందిన మెట్రోనోమ్ (లయ తప్పకుండా టిక్ టిక్‌మని కొట్టే పరికరం) పనినీ ఇప్పుడు అదే ఫోను చేస్తోంది. శ్రుతి చూపించే యాప్‌ను మాత్రం పక్కన పెట్టాను. వయొలిన్‌కు వీణకున్నట్టు మెట్లు ఉండవు, స్వరస్థానాన్ని చెవే వెతకాలి. తెరను చూస్తూ వాయిస్తే వినడం తగ్గిపోతోంది.

ఉద్యోగంలోనూ మార్పు కనిపిస్తోంది: సమావేశాల్లో ఎదుటివారు ముగించేదాకా వింటున్నాను. వచ్చే నెల నుంచి వారానికి నాలుగు రోజుల పనికి మేనేజరు ఒప్పుకున్నారు. ఐదో రోజు పూర్తిగా వయొలిన్‌కే.